కటింగ్ మాస్టారు మళ్లీ మొదలుపెట్టలేదు

కటింగ్ మాస్టారు మళ్లీ మొదలుపెట్టాడని అంటున్నారు. కుక్క తోకను నాలుగేళ్లు గొట్టంలో పెట్టినా వంకర పోలేదని బొత్తాల దుకాణం ఆయన వచ్చినవాళ్లకల్లా చెప్తున్నాడు. ఇస్త్రీ ఆవిడైతే స్వయంగా చూశానంటోంది. ఏం చూశావమ్మా అని అడిగితే, కళ్లు చేటలంత చేసుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడట. కళ్ల సంగతి నిజమే. గోడ సంగతీ నిజమే. మొదలుపెట్టాడన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆయన మొదలుపెట్టలేదు, ఆయనకు పెట్టించారు. ఎవరు పెట్టించారో తెలిస్తే ఇస్త్రీ ఆవిడ కూడా ముక్కు మీద వేలేసుకుంటుంది.

మాస్టారికి నలభై రెండేళ్లు. బడి యూనిఫారాలు కుట్టే హాలులో గుడ్డ కోసే పని. పన్నెండు మిషన్లున్న ఆ హాలు ఆయన సొంత అక్కది. బావ పోయిన దగ్గర్నుంచి అక్కే నడుపుతోంది. గది పొడవునా ఒక బల్ల. దాని మీద గుడ్డను నలభై పొరలు పరుస్తారు. పై పొర మీద చొక్కా ముక్కల ఆకారంలో కోసిన అట్టలు పెట్టి, సుద్దతో గీతలు గీసి, నిలువుగా నిలబడే కరెంటు కత్తిని ఆ గీతల వెంట నడిపిస్తారు. ఎడమచేతికి ఇనుప అల్లిక గ్లవ్ వేసుకోవాలి. ఎందుకంటే ఆ కత్తికి గుడ్డా వేలూ ఒకటే. ఒక్క గీత తప్పితే నలభై చొక్కాలు ఒకేసారి పాడవుతాయి. ఇరవై ఏళ్లలో మాస్టారి గీత తప్పలేదు. తాగుతున్న రోజుల్లో కూడా తప్పలేదంటారు గానీ, అది ఆయన మీద ప్రేమతో చెప్పే మాట. తాగుతున్న రోజుల్లో ఆయన బల్ల దగ్గరికే వచ్చేవాడు కాదు.

తాగడమనే కాదు, ఆయన పుచ్చుకోనిది లేదు. అన్నీ చూశాడు, అన్నిటి చేతా తన్నులు తిన్నాడు. చివరికి అక్కే పట్టుకెళ్లి మాన్పించే ఆస్పత్రిలో పడేసింది. వాంతులు ఎత్తిపోసింది, ఒళ్లు తుడిచింది, మూడు వారాలు మంచం పక్కన నేల మీదే పడుకుంది. బయటికొచ్చిన నాటి నుంచి ప్రతి ఆదివారం మాస్టారు ఆ ఆస్పత్రికి వెళ్లి కొత్తగా చేరినవాళ్లతో మాట్లాడేవాడు. రమ్మన్నది డాక్టరే. "నేను చెప్తే పాఠంలా ఉంటుంది, నువ్వు చెప్తే వింటారు" అన్నాడట.

నిజంగానే వినేవాళ్లు.

"మందు చుట్టం లాంటిది నాయనా," అని మొదలుపెట్టేవాడు. "తలుపు తట్టి, చెప్పులు విప్పి, పది మందికీ తెలిసేలా వస్తుంది. ముందు కబుర్లు, తర్వాత ఏడుపు, ఆ తర్వాత వాంతి. పోతూ పోతూ నీ కాలేయాన్ని చంకనెట్టుకుపోతుంది. మానేటప్పుడు కూడా ఊరికే పోదు. నాకు మూడో రోజు ఫిట్సొచ్చాయి. గంజాయి అలా కాదు, వచ్చి గడియారం మీద కూర్చుంటుంది. ఒక్క పాట అయ్యేసరికి పూట గడిచినట్టుంటుంది. నాకు నవ్వొచ్చేది. అదే పొగ పీల్చిన నా జోడీగాడికి మాత్రం కిటికీలోంచి ఎవరో చూస్తున్నట్టుండేది. పొగ మానేసి ఆరేళ్లయింది, వాడింకా కిటికీ మూసుకునే పడుకుంటున్నాడు."

"మరి దగ్గు సిరప్పో?" అని ఒకడు అడిగేవాడు.

"అది దూది పరుపు. పెళ్లాం తిట్టినా పక్కవీధిలో ఎవర్నో తిడుతున్నట్టుంటుంది. ఒళ్లంతా తియ్యటి దురద. నాలుగు రోజులు దొడ్డికి రాదు, ఆ సంగతి మాత్రం ఎవడూ చెప్పడు." అందరూ నవ్వాక గొంతు తగ్గించేవాడు. "నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతావు. దాని మీద మందు కూడా పోశావా, ఇంక గుర్తుచేసేవాళ్లుండరు. మా గదిలో ఒకడు అలాగే మర్చిపోయాడు. ఇక సోఫాల జిగురు వాసన ఉంది చూశారూ, అన్నిట్లోకీ చవక. చెవుల్లో రెండు నిమిషాలు గంట మోగుతుంది. మొదటిసారికే గుండె ఆగినవాళ్లున్నారు. ఆగనివాళ్లు ఎక్కాలు మర్చిపోతారు."

చివరికి బిళ్ల దగ్గరికొచ్చేవాడు. నిద్ర రానివ్వని బిళ్ల.

"దాన్ని చూస్తేనే నాకు భయం. మంచివాడి వేషంలో వస్తుంది. ఆకలి వేయదు, నిద్ర రాదు, పని మీద ఎక్కడలేని ప్రేమ పుడుతుంది. గోట్లో మట్టి కూడా ముద్దొస్తుంది. నోరు ఎండిపోతుంది, పళ్లు వాటంతటవే నూరుకుంటాయి, గుండె మెట్లెక్కుతున్నట్టు కొట్టుకుంటుంది. మిగతావన్నీ పుచ్చుకుంటే నిన్ను తిడతారు. ఇది పుచ్చుకుంటే మెచ్చుకుంటారు. ఎంత బాగా పనిచేస్తున్నాడో అంటారు. ఇంక నువ్వెందుకు మానతావు చెప్పు?"

"వీటన్నిట్లో మంచిదేది అన్నా?" అని ఒక గడుగ్గాయి అడిగాడొకసారి.

"అన్నీ కలిపి పుచ్చుకున్నవాడొకడుండేవాడు, వాణ్ని అడగాలి. అడుగుదామంటే వాడు లేడు."

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజే భార్య ఒకే ఒక్క మాట చెప్పింది. ఆవిడ మాటలు పొదుపుగా వాడే మనిషి, ఇంట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుంది. "ఇంకొక్కసారి తెలిసిందంటే అరవను, ఏడవను. పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. నువ్వు పిలిచినా రాను." పిల్లకు అప్పుడు ఆరేళ్లు. ఇప్పుడు పది. మాస్టారు పొద్దున లేచి పళ్లు తోముకున్నంత శ్రద్ధగా ఆ మాటను గుర్తుచేసుకునేవాడు. తనకున్న ఆస్తల్లా ఆ ఇద్దరే.

ఈ ఎండాకాలం హాలుకు ఒక పెద్ద బడి పని వచ్చింది. సరిగ్గా అప్పుడే రెండో కటింగ్ అతను మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరు నెల రోజులు చేసే కోత ఒక్కడు పన్నెండు రోజుల్లో చెయ్యాలి. అక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈ పని పోతే వచ్చే ఏడు మిషన్లు అమ్ముకోవడమేనని పొద్దస్తమానం అంటుండేది.

ఆ హాలులో ఒక పద్ధతి ఉంది. కుట్టేవాళ్లంతా బయట బెంచీ మీద టీ తాగుతారు. కటింగ్ మాస్టారు మాత్రం కత్తిని వదిలి వెళ్లడు, టీ చుక్క పడితే నలభై పొరలూ మరకే కనుక బల్ల దగ్గరికీ తేనివ్వరు. ఆయన టీ వేరే గ్లాసులో కిటికీ దగ్గరికి వస్తుంది. అక్కే కాస్తుంది, అక్కే తెస్తుంది. ఆయన అటు తిరిగి నిలబడి మూడు గుక్కల్లో తాగేసి గ్లాసు వెనక్కిస్తాడు. ఆ గ్లాసు ఇంకెవరూ ముట్టరు.

పని మొదలైన మూడో రోజు పదకొండు గంటలకు మాస్టారికి గుడ్డ రంగు చాలా అందంగా కనిపించింది. ఉత్త బూడిదరంగు. ఇరవై ఏళ్లుగా కోస్తున్న బూడిదరంగు. సుద్ద ముక్క అంచు కూడా అందంగా కనిపించింది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి, చూసి, మూసేశాడు. సాయంత్రానికి దవడలు నొప్పి పెట్టాయి. రాత్రంతా కళ్లు విప్పుకునే పడుకున్నాడు.

ఏమిటిదని తనలో తానే వెతుక్కున్నాడు. మందు కాదు, మందైతే మోకాళ్లలో తెలుస్తుంది. గంజాయి కాదు, గడియారం మామూలుగానే నడుస్తోంది. దురద లేదు, మబ్బు లేదు. నోరెండటం, పళ్లు నూరుకోవడం, గుండె మెట్లెక్కడం. సాక్షాత్తూ బిళ్లే. కానీ తను బిళ్లను చూసి ఐదేళ్లు దాటింది. పాత గాయం వానాకాలంలో సలిపినట్టు, ఒంటికి కూడా పాత మత్తు అప్పుడప్పుడు గుర్తొస్తుందని డాక్టరు ఒకసారి చెప్పాడు. అదే అనుకున్నాడు. తన ఒళ్లే తనను మోసం చేస్తోందని సిగ్గుపడ్డాడు. భార్యకు చెప్పలేదు. అక్కకు చెప్పాడు.

"అక్కా, నాకు రెండు రోజుల్నుంచి బిళ్ల వేసుకున్నట్టుంటోందే. భయమేస్తోంది."

"పని ఒత్తిడి రా. నీ మొహం, నువ్వెక్కడ వేసుకుంటావు? పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. టీ చల్లారిపోతోంది, తాగు."

తాగాడు.

ఎనిమిదో రోజు తప్పు జరిగింది. చొక్కా చేతికి ముందువైపు వంపు వేరు, వెనకవైపు వంపు వేరు. అందుకని కటింగ్ మాస్టారు ఒక అట్ట సూటిగా పెడితే రెండోది బోర్లా తిప్పి పెడతాడు. అప్పుడే కుడిచెయ్యి, ఎడమచెయ్యి జతగా వస్తాయి. ఇది పని నేర్చుకునే మొదటి వారంలోనే వచ్చే విద్య. ఆ రోజు మాస్టారు అట్ట చుట్టూ గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చున్నాడు. అంత నున్నటి వంపు జన్మలో గియ్యలేదనిపించిందట. ఆ మురిపెంలో అట్టను తిప్పడం మర్చిపోయాడు. ఆరుసార్లూ ఒకే వైపు పెట్టి, నలభై పొరలూ కోసేశాడు. గుడ్డకేమో ఒకవైపే నిగనిగ, తిరగేసి కుట్టడానికీ లేదు. రెండు వందల నలభై చేతులు. అన్నీ ఎడమవే.

కట్ట విప్పి మొదట చూసింది కాలర్ తాత. నలభై ఏళ్లుగా కాలర్లు తప్ప ఇంకేం కుట్టని మనిషి.

"ఏం మాస్టారూ, ఈ బళ్లో పిల్లలకు కుడిచేతులుండవా?"

హాలంతా గొల్లున నవ్వింది. "రాత పని ఉండదు కాబోలు తాతా, ఫీజు తక్కువేమో" అని ఇంకొకడు అందుకున్నాడు. తాత నవ్వుతూ తలెత్తి మాస్టారి కళ్లలోకి చూశాడు. నల్లగుడ్లు బొత్తాలంత అయిపోయి ఉన్నాయి. తాత నవ్వు ఆపేశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఆపేశారు. మాస్టారు గోడకేసి తిరిగి నిలబడింది అప్పుడే. ఇస్త్రీ ఆవిడ చూసింది ఇదే.

సాయంత్రానికల్లా వార్త ఇంటికి చేరింది. భార్య గుమ్మంలోనే ఆపింది.

"అన్నం తినడం లేదు, నిద్రపోవడం లేదు. నేను చూడటం లేదనుకున్నావా? నిజం చెప్పు."

"నిజమే చెప్తున్నాను. ఏమీ వేసుకోలేదు. రేపు పొద్దున్నే ఆస్పత్రికి పోదాం పద. టెస్టు చేయించుకుంటాను. నీ కళ్ల ముందే."

ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో గర్వమే ఉంది. తప్పు చేయనివాడికి టెస్టంటే పండగే కదా. మర్నాడు తలదువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

మూత్రంలో ముంచే ఆ టెస్టు పట్టీలో ఒక తిరకాసుంది. ఒంట్లో మత్తు లేకపోతే గీత వస్తుంది. ఉంటే గీత రాదు. నర్సమ్మ పట్టీని కిటికీ వెలుగులో పెట్టి ఐదు నిమిషాలు చూసింది. మిగతా అన్నిటి దగ్గరా గీతలొచ్చాయి. బిళ్ల దగ్గర రాలేదు. ఇంకో పట్టీ పెట్టింది. దాంట్లోనూ రాలేదు.

"నాకు తెలుసు, అది బిళ్లే!" అన్నాడు మాస్టారు. నోట్లోంచి వచ్చేసింది. "మూడో రోజు నుంచే తెలుసు నాకు. పళ్లు నూరుకోవడం చూసి..."

భార్య ఆయన వైపు తిరిగింది. "వేసుకోనివాడికి ఏ రకమో, ఎన్నో రోజో ఎలా తెలుస్తుంది?"

ఆదివారాలన్నీ ఎంతమందినో కాపాడిన విద్య ఆ పూట ఆయన పీకకే చుట్టుకుంది. డాక్టరు మెల్లగా అడిగాడు. "బయట ఎవరైనా ఏదైనా ఇచ్చారా? తిండిలో గానీ, తాగేదాంట్లో గానీ?"

"ఎవరిస్తారండీ? ఇంట్లో ఈవిడ చేతి అన్నం, హాల్లో మా అక్క చేతి టీ. అంతే."

అనేశాక ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. భార్య అప్పటికే లేచి బయటికి నడిచింది.

అక్కడి నుంచి తిన్నగా హాలుకు వచ్చాడు. హాలు చివర అట్టముక్కలతో అడ్డంకట్టిన చిన్న గది అక్కది. ఈవలి పక్కన కాలర్ తాత మిషను. ఇదంతా మనకు తెలిసింది తాత వల్లే.

"అక్కా, టీలో ఏం కలుపుతున్నావే?"

సొరుగు లాగిన శబ్దం వచ్చింది.

"ఇది మత్తు బిళ్ల కాదురా. నా ఒళ్లు తగ్గడానికి వేసుకునేది. మందుల షాపులో ఇస్తారు. నేను ఎనిమిది నెలల్నుంచి వేసుకుంటున్నా, నేనేమన్నా తాగుబోతునా? నేను ఒకటి వేసుకుంటా, నీకు సగమే కలిపా."

"సగం! ఆకలి చంపే బిళ్లా, నిద్ర రానివ్వని బిళ్లా ఒకటే జాతి కదే!"

"నువ్వలా బడలిపోయి ఉంటే ఎలా తెమిలేదిరా ఈ పని? ఇంతమంది కడుపులు దీని మీదే ఉన్నాయి. అయినా నీకు తెలిసి వేసుకుంటే తప్పు గానీ, తెలియకుండా ఇస్తే నీ మాట ఎలా తప్పినట్టు? పాపం ఏదన్నా ఉంటే నాది. నేను మోస్తా."

"నీకు చెప్పాను కదే. భయమేస్తోందని చెప్పాను. నువ్వు టీ తాగమన్నావు."

సొరుగు మూసిన శబ్దం వచ్చిందట.

"నా వేలు పోయుంటే? ఆ కత్తి ముందు నన్ను అలా నిలబెట్టావా?" అన్నాడట మాస్టారు. "సరే. అదంతా నాకొద్దు. ఒక్క పని చెయ్యి. మా ఆవిడకు చెప్పు. వచ్చి, కలిపింది నేనేనని ఒక్క మాట చెప్పు. నిన్ను ఇంకేమీ అడగను, కోపం కూడా పెట్టుకోను."

"చెప్తారా. ఎందుకు చెప్పను? సరుకు పోనీ. ఎల్లుండి నేనే వస్తా."

మాస్టారు ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లి భార్య కాళ్లావేళ్లా పడ్డాడు. రెండు రోజులాగు, అక్క వచ్చి చెప్తుందన్నాడు. ఆవిడ ఆగలేదు. అక్కే కలిపి ఉంటే ఇప్పుడే చెప్తుంది కదా, ఎల్లుండి ఎందుకు అంది. న్యాయమే. మర్నాడు పొద్దున పది గంటలకు పిల్లను పక్కింట్లో వదిలి తిన్నగా హాలుకే వచ్చింది.

ఆ సమయానికి బడి తరఫు ఆయన సరుకు చూసుకోవడానికి వచ్చి ఉన్నాడు. మడత పెట్టిన చొక్కాలను ఒక్కొక్కటీ తిరగేసి చూస్తున్నాడు. మిషన్లన్నీ ఆగాయి. అక్క మాట మీద నమ్మకంతో పనిలోకొచ్చిన మాస్టారు కూడా కత్తి ఆపాడు.

"వదినా, ఒక్కటే అడుగుతాను. ఆయన టీలో నువ్వేదన్నా కలిపావా?"

అక్క బడి ఆయన వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత మాటన్నావమ్మా! వాణ్ని నాలుగేళ్లు కంటికి రెప్పలా కాచింది నేను. వాడు మింగి నా మీద వేస్తే, నువ్వు నమ్మి నన్నడుగుతావా? ఇంక నా వల్ల కాదు. నీ మొగుణ్ని నువ్వే చూసుకో."

ఏడ్చింది కూడా. దొంగ ఏడుపు కాదు, కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. బొత్తాలు కుట్టే అమ్మాయి పరుగున వెళ్లి నీళ్లిచ్చింది. బడి ఆయన "ఊరుకోండమ్మా, ప్రతి ఇంట్లో ఉండేదే" అన్నాడు. అందరూ అక్కనే ఓదార్చారు. తాత తన మిషను మీద తల వంచుకున్నాడు. ఆయన వయసులో ఇంకో హాలు పని ఇవ్వదు. అందుకని నోరు మెదపలేదు. ఆ సంగతి ఆయనే చెప్పుకుని ఏడుస్తాడు ఇప్పుడు.

అరిస్తే మత్తులో ఉన్నాడంటారు, ఏడిస్తే దొరికిపోయాడంటారు. మాస్టారు ఇనుప గ్లవ్ తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. మధ్యాహ్నానికి భార్య రెండు సంచులతో పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. చెప్పినట్టే అరవలేదు, ఏడవలేదు. పిల్ల మాత్రం సందు మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది. అక్క వస్తానన్న ఎల్లుండి వచ్చింది, పోయింది. ఆవిడ రాలేదు. సరుకు మాత్రం అందింది. ఎడమ చేతుల బదులు కొత్త గుడ్డ తెప్పించి కోయించారట.

ఇప్పుడాయన రెడీమేడ్ బట్టల దుకాణం మెట్ల కింద ప్యాంట్లు పొట్టి చేస్తున్నాడు. ఆదివారాలు ఆస్పత్రికి వెళ్లడం మానేశాడు. ఏం మొహం పెట్టుకుని చెప్పను అంటాడు. సోమవారాలు మాత్రం వెళ్తాడు. ఎవరూ అడక్కుండానే వెళ్లి టెస్టు చేయించుకుని, ఆ కాగితం భార్యకు పంపిస్తాడు. పదకొండు వారాలయింది, పదకొండు కాగితాలు వెళ్లాయి. అన్నిట్లోనూ గీతలొచ్చాయనే ఉంది. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అక్క పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. కానీ మొన్న తాత వెళ్తే ఆయనే అడిగాడు.

"అది ఆ బిళ్లలు మానేసిందా?"

"లేదయ్యా. చేతులు వణుకుతున్నాయి ఆవిడకు. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది."

"ఎప్పుడో ఒకరోజు గుండె పట్టుకుని పడిపోతుంది. డాక్టరుకు చూపించుకోమను. నేను చెప్పానని చెప్పకు. పడిపోయినా నేను చూడటానికి రాను, అది మాత్రం నేను చెప్పానని చెప్పు."

తాత ఆ భార్య దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. ఈ వారం వెళ్తానన్నాడు, పోయిన వారమూ అదే అన్నాడు. మీలో తాత తెలిసినవాళ్లుంటే కాస్త వెనకాల పడండి, అవసరమైతే బస్సెక్కించండి. మాస్టారు తెలిసినవాళ్లు మాత్రం సోమవారం తొమ్మిది గంటలకు ఆస్పత్రి వరండాకు వెళ్లండి. గోడ పక్క బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉంటాడు. జాలి చూపించక్కర్లేదు, ఏం జరిగిందని అడగక్కర్లేదు. రాత్రి నిద్రపట్టిందా, పొద్దున ఏమన్నా తిన్నావా అని అడగండి. తిన్నానంటే నమ్మకండి, పక్కనుండి తినిపించండి. పట్టీ చూసేదాకా పక్కన కూర్చోండి. ఈ వారం కుదరకపోతే పై వారమైనా సరే, ఒక్కసారి వెళ్లి చూసిరండి.